తోలు మీది, బొక్కలు మాయి

ఆ పొద్దున మైసన్న అనుకున్న పనులు చిన్నవే. నారుమడికి నీళ్లు పెట్టాలి. ఎల్లారెడ్డికి పోయి కమ్మరి దగ్గర నాగలి కర్రు సాగగొట్టించాలి. తిరిగి వచ్చే దారిలో బడి దగ్గర ఆగి కొడుకు నారాయణ పేరు రాయించాలి. పేరు రాయించడానికి ఎంతసేపు అనుకుని ఆ పనిని చివరికి పెట్టుకున్నాడు. లెక్క తప్పింది అక్కడే.

ఆ ఏడు బడి పెద్దసారు కొత్త పద్ధతి ఒకటి తెచ్చాడు. పదో తరగతి పాసై కాలేజీకి పోయే పిల్లలు పొద్దున బడికి వచ్చి ఇంగ్లీషు మాట్లాడటం, పెద్దల ముందు కాళ్లూపకుండా కూర్చోవడం నేర్చుకోవాలి. మధ్యాహ్నం ఊళ్లో ఎక్కడో ఒకచోట జీతం లేకుండా పని నేర్చుకోవాలి. ఇట్లా రెండు వారాలు. కామారెడ్డి కాలేజీలో సీటు కోసం ఇంటర్వ్యూకు పోయిననాడు పని నేర్పినాయన సంతకమైనా చూపాలి, లేదంటే ఆయనే వచ్చి చెప్పాలి. కాలేజీ ప్రిన్సిపాలు పెద్దసారుకు దోస్తు. ఇద్దరూ కూడబలుక్కుని పెట్టిన ఏర్పాటది.

మైసన్న చేరేసరికి బ్యాంకు, తపాలాఫీసు, దవాఖాన అన్నీ నిండిపోయాయి.

"ఇంకేం మిగిలింది సారూ?"

"గౌస్ బ్యాండు. పిల్లగాన్ని పంపుతనని చెప్పిపెట్టిన."

"లగ్గాలల్ల ఊదుతరు, గదేనా?"

"గదే. ఏ పనైనా పనే గద మైసన్నా."

మైసన్నకు వాదించడం రాదు. ఇంటికి వచ్చి చెప్పాడు. భార్య కమలవ్వ చేతిలో చాట ఆగిపోయింది.

"కొడుకును కాలేజీకి తోలుతనంటివి. పెండ్లి ఊరేగింపుకు తోలుతున్నవా?"

"రెండు వారాలేనే."

మర్నాడు జిలేబి పొట్లం పట్టుకుని కొడుకుతో గౌస్ ఉస్తాద్ దుకాణానికి పోయాడు. బస్టాండు ఎదురుగా చిన్న మడిగె. దండెం మీద ఎర్ర కోట్లు, మూలకు పెద్ద డోలు. గౌస్‌కు అరవై దాటాయి. ఆయన దగ్గర పీపీ ఊదేవాళ్లు ఒకరి వెనక ఒకరు దుబాయి పోయారు. పని నేర్చుకుంటానని గడప తొక్కినవాడు ఏండ్ల తరబడి లేడు.

మైసన్న మర్యాదకు అనే మాట అన్నాడు. "ఉస్తాద్, తోలు మీది, బొక్కలు మాయి."

కొడుకును పంతులుకు అప్పజెప్పే తండ్రి ఎవరైనా అనే మాటే అది. పని వచ్చేదాకా తోలు ఊడేటట్టు కొట్టుకో, ఎముకలు, పాణం మాత్రం మాకు ఉంచు అని అర్థం. అర్థం కోసం ఎవరూ అనరు. మంచిగున్నవా అన్నట్టు అంటారు, అంతే.

కానీ గౌస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి నారాయణ నోట్లో చక్కెర పోశాడు. తన భుజం మీది పచ్చ దస్తీ గుడ్డ తీసి పిల్లవాడి చేతికి కట్టి, చుట్టూ చేరినవాళ్లు వినేటట్టు చెప్పాడు.

"ఇయ్యాల్టి సంది వీడు నా షాగిర్దు, నా శిష్యుడు. ఈ ముడి నేను విప్పినంకనే వీడు నా చెయ్యి దాటుతడు. మా ఉస్తాద్ నాది తొమ్మిదేండ్లకు విప్పిండు."

రెండు వారాల ముచ్చట పెద్దసారు చెప్పే ఉంటాడని మైసన్న అనుకున్నాడు. మైసన్న చెప్తాడని పెద్దసారు అనుకున్నాడు. ఇప్పుడైనా చెబుదామని మైసన్న నోరు తెరిచాడు. అప్పటికే బజారంతా జిలేబి తింటున్నది. జిలేబి పంచినంక మాట తిప్పుకునే మనిషి ఆ తావుల్లో లేడు.

నారాయణ బుద్ధిమంతుడు. రోజూ పోయాడు. పీపీ ఇస్తే బుగ్గలు ఉబ్బేవి గానీ చప్పుడు వచ్చేది కాదు. సరే అని డోలు ఇచ్చారు. చప్పుడు వచ్చింది, తాళం రాలేదు. నస్రుల్లాబాద్ లగ్గంలో వాడి దెబ్బకు అడుగు కలపబోయి ముందు వరుసలో ఆడేవాళ్లు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. ఎర్ర కోటులో ఉన్న నారాయణను ఒక మేనత్త గుర్తుపట్టి, "మైసన్న బతుకు గింత చెడ్డదా!" అని అక్కడే ఏడ్చింది. పెండ్లివాళ్లు అప్పగింతల ఏడుపు ముందే మొదలైందనుకున్నారు.

రెండు వారాలు గడిచాయి. ఇంటర్వ్యూ రేపనగా కమలవ్వ పట్టుకుంది. "దస్తీ విప్పుమని అడుగరాదు?"

"ఏమని అడుగాలె? పది మందిల అప్పజెప్పిన. ముసలాయన పరువేం గావాలె?"

"మరి పిల్లగాని సీటు ఏం గావాలె?"

మైసన్న సాయంత్రం దుకాణానికి పోయి, పుట్టి బుద్ధెరిగి ఆడని అబద్ధం ఆడాడు.

"రేపు పిల్లగాడు రాడు ఉస్తాద్. బుగ్గలు వాచినయి."

గౌస్ ముఖం పాలిపోయింది. "యా అల్లా! నా పీపీ ఊదే వాచినయి!"

మైసన్న ఆ మాట వినిపించుకోకుండా ఇంటి దారి పట్టాడు.

తెల్లారి మొదటి బస్సుకే ముగ్గురూ కామారెడ్డి పోయారు. సంతకం లేకున్నా బతిమాలి చూద్దామని మైసన్న ఆలోచన. కాసేపటికి గౌస్ నిమ్మకాయలు, దర్గా ఊదు పట్టుకుని వాళ్లింటికి వచ్చాడు. వెనుక జీపులో బ్యాండు మొత్తం ఉంది. కామారెడ్డిలోనే ఒక మిల్లు సేటు ఇంట్లో లగ్గం, అటే పోతూ పిల్లవాణ్ణి చూసిపోదామని. ఇంటికి తాళం ఉంది. పక్కింటి భూమక్క చెప్పింది.

"కామారెడ్డి తోలుకపోయిండ్రు. కొత్తంగీ తొడిగిండ్రు. కమలవ్వ కండ్లు తుడుసుకుంటనే బస్సెక్కింది."

కొడుకు పెద్ద చదువుకు పోతున్నాడని తల్లి ఏడ్చింది. గౌస్‌కు అది తెలియదు. కొత్త అంగీ, తల్లి ఏడుపు అనగానే పిల్లవాడి పాణం మీదికి వచ్చిందనుకుని జీపు దగ్గరికి ఉరికాడు.

"లగ్గం తర్వాత. ముందు దవాఖానకు పోనీ!"

కామారెడ్డి దవాఖానలో ఎర్ర కోట్లవాళ్లు బాజాలతో వార్డు వార్డూ తిరుగుతుంటే లేవలేని రోగులు కూడా లేచి కూర్చున్నారట. చివరికి ఒక కాంపౌండరు, "కొత్తంగీ పిల్లలా? ఇయ్యాల అందరు కాలేజీ కాడ ఉన్నరు" అని బయటికి తోలాడు.

కాలేజీలో అప్పటికే నారాయణ వంతు వచ్చి పోయింది.

"పని ఎక్కడ నేర్చుకున్నవ్?" అని అడిగాడు ప్రిన్సిపాలు.

"బ్యాండుల సార్."

గదంతా గొల్లున నవ్వింది. "నేర్పినాయన సంతకమేది?"

"లేదు సార్."

"పన్నెండు దాంక చూస్త. ఆయన రాకుంటే సీటు ఇంకొకరికి పోతది."

మైసన్న గేటు దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే జీపు వచ్చి ఆగింది. గౌస్ దూకి, ఉరికి వచ్చి, నారాయణ బుగ్గలు రెండు చేతులా పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"వాపు ఏది?"

"దిగింది," అన్నాడు మైసన్న.

"ఎప్పుడు?"

"గిప్పుడే."

గౌస్ వరుసలో నిలబడ్డ పిల్లల్ని చూశాడు. నారాయణ చేతిలోని మార్కుల కాగితం చూశాడు. మైసన్నకు ఇక దాచే ఓపిక లేదు.

"తప్పయింది ఉస్తాద్. రెండు వారాలకే తెచ్చిన పిల్లగాడు. జిలేబి పంచినంక చెప్పలేకపోయిన. వాన్ని కాలేజీల చేర్పియ్యాలె, పన్నెండు లోపల మీరొచ్చి చెప్తేనే సీటు. మీ మాట పోవద్దని అబద్ధమాడిన."

గౌస్ డోలు దింపించి దాని మీదే కూలబడ్డాడు. అరుస్తాడేమోనని మైసన్న కళ్లు మూసుకున్నాడు. అరుపు రాలేదు. నవ్వు వచ్చింది.

"అరే మైసన్నా, మొదటి దినమే చెప్పరాదు? వీనికి తాళం రాదని రెండో నాడే తెలిసింది. నాకు వచ్చే లగ్గాలన్ని పోతున్నయి. వాపస్ పంపుదమంటే, తోలు మీది అని అప్పజెప్పినవ్. కొడుకు పనికిరాడని తండ్రి మొఖం మీద ఎట్ల చెప్పాలె? తొమ్మిదేండ్లు ఎట్ల ఈడ్వాలెనో తెల్వక నాకు నిద్ర పడుతలేదు!"

అంతలో మిల్లు సేటు స్కూటరు మీద ఉరికొచ్చాడు. "ఉస్తాద్! పెండ్లిపిల్లగాడు గుర్రం మీద ఎండల మాడుతుండు!"

"జర ఆగుండ్రి సేటూ. మొదలు వీని పెండ్లి కానీయి," అని గౌస్ ఎర్ర కోటుతోనే లోపలికి నడిచాడు.

ప్రిన్సిపాలు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఏం నేర్చుకున్నడు మీ దగ్గర?"

గౌస్ అబద్ధం ఆడలేడు. "ఏం రాలే సార్. కానీ ఒక్క దినం ఎగ్గొట్టలే. తిట్టినా వచ్చిండు, జనం నవ్వినా వచ్చిండు. చెయ్యి ఎత్తిన ప్రతిసారి తప్పే కొట్టిండు గానీ, చెయ్యి ఎత్తుడు మానలే."

ప్రిన్సిపాలు కలం తీశాడు. "మా దగ్గర రెండో ఏడు చదివేటోళ్లు గూడ రోజు రారు. వీడు ఉండనీ."

గౌస్ అక్కడే దస్తీ ముడి విప్పి నారాయణ భుజం మీద వేశాడు. బయట సేటు తట్టుకోలేక గుర్రాన్ని కాలేజీ గేటుకే తెప్పించాడు. ఊరేగింపు అక్కడి నుంచే బయలుదేరింది. ఎన్నాళ్లకో తాళం తప్పలేదు.

పై వారం నారాయణను హాస్టలులో దింపడానికి పోయినప్పుడు వార్డెను ముందు మైసన్న చేతులు కట్టుకుని మర్యాదకు నోరు తెరవబోయాడు. కమలవ్వ కొంగు తీసి ఆయన నోటికి అడ్డం పెట్టింది.