ప్రిన్సిపాల్ కనిపించడం లేదు

ఆ ఉదయం అల్లుడు పెట్టుకున్న పనులు రెండే: ప్రోగ్రాం నడపడం, వేడిగా టీ తాగడం.

ఆ స్కూలు అతని అత్తవారిది. మామగారు రిటైరై కుర్చీ అత్తగారికి అప్పగించారు. కంప్యూటర్లన్నీ అల్లుడి నెత్తిన పడ్డాయి. రోజూ అత్తగారు ఆనాటి సందేశాన్ని టైపు చేసి ‘ప్రిన్సిపాల్’ అన్న ఫైల్లో పెడతారు. అల్లుడు నల్లటి తెర మీద ఒక్క కమాండు కొడితే, ప్రోగ్రాం ఆ ఫైలు తెరిచి అన్ని తరగతుల స్పీకర్లలో చదివి, దాన్ని పాతవాటిలోకి తోసేస్తుంది.

కిందటి వారం ఫైలు లేకపోయేసరికి ప్రోగ్రాం కుప్పకూలి, తన ఎర్రర్‌ని లైను నంబర్లతో సహా ఇంగ్లీషులో స్కూలంతటికీ వినిపించింది. పిల్లలకది పద్యంలా నోటికొచ్చేసింది.

"లేకపోతే లేదని మర్యాదగా చెప్పొచ్చుగా, బాబూ!" అన్నారు అత్తగారు. "ఇంకోసారి వెతకాలి. అప్పటికీ లేకపోతే పాతదాంతో సర్దుకోవాలి. అంతేగానీ అలా కూలబడిపోతే ఎలా?"

అల్లుడు అచ్చంగా అలాగే రాశాడు. అత్తగారి ఫైలు కదా, ‘లేదు’ అంటే బాగోదని ‘లేరు’ అని కూడా దిద్దాడు. ఒక్కటే మరిచాడు. ఎర్రర్ మాటలు తన తెర మీదికి మాత్రమే రావాలి. అతను వాటినీ స్పీకర్ల దారికే పంపాడు.

ఆ రోజు ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు. అత్తగారు ప్రత్యేక సందేశం రాసి, ఫైలుకి ‘ప్రిన్సిపాల్ కొత్తది’ అని పేరు పెట్టి, ఫోను బల్ల మీదే వదిలేసి సామాన్ల గది చూడ్డానికి వెళ్లారు. అల్లుడు కమాండు కొట్టి స్టాఫ్ రూముకి నడిచాడు. కప్పు పెదవులకి తగిలిందో లేదో, స్పీకరు గొంతు విప్పింది.

"క్షమించండి. ప్రిన్సిపాల్ కనిపించడం లేదు. ఉండాల్సిన చోట వెతికాము. మళ్లీ ప్రయత్నిస్తాము."

ఆ వెంటనే డ్రిల్లు మాస్టారి విజిలు మోగింది. "చూస్తారేంట్రా, వెతకండి!"

క్లాసులన్నీ వరండాల్లోకి ఒలికాయి. బెంచీల కింద చూశారు, నీళ్ల ట్యాంకులోకి తొంగిచూశారు. ఓ బుడతడు తన టిఫిను డబ్బా మూత కూడా తీసి చూశాడు.

ఆ గుంపుకి ఎదురీదుతూ అల్లుడు కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తుతుంటే ఫోను మోగింది. పై అంతస్తులో లెక్కలు చెప్పే భార్య.

"మా అమ్మ ఏదండీ?"

"కంగారు పడకు! పోయింది మీ అమ్మ కాదు..."

"ఏంటీ, పోయిందా!"

దబ్బున ఏదో పడ్డ చప్పుడు, ఫోను కట్టయింది. అతని తల మీద స్పీకరు మళ్లీ అందుకుంది.

"మళ్లీ వెతికాము. ప్రిన్సిపాల్ లేరు. వారు లేకుండానే ముందుకు సాగుతున్నాము. ప్రస్తుతానికి పాత ప్రిన్సిపాల్‌ని వాడుకుంటున్నాము."

పక్కింట్లో పేపరు చదువుకుంటున్న మామగారికి ఈ చివరి మాట స్పష్టంగా వినిపించింది. కోటు తొడుక్కుని, గోడకున్న చిన్న గేటులోంచి దూరి, కుర్చీలో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్లు లోపలికి అడుగుపెట్టారు.

"ప్రిన్సిపాల్ గారంటే..."

"నేనే. పాతవాణ్ణి. మళ్లీ వాడుకలోకొచ్చాను. కూర్చోండి."

ఇంతలో వరండా చివర్నుంచి "దొరికారు!" అని కేక. ఒకటో తరగతి పిల్లలకి సామాన్ల గదిలోంచి దబదబ బాదుతున్న చప్పుడు వినిపించింది. డ్రిల్లు మాస్టారు తలుపు తోసేస్తే, ఒళ్లంతా సుద్దపొడితో, చేతిలో ఊడిన తలుపు పిడితో అత్తగారు బయటికొచ్చారు.

"ఆ మాటలు ఎవరు రాశారు?"

అల్లుడు ముందుకు జరిగాడు. "నేనే, అత్తయ్యా. అసలు సంగతేంటంటే, ఫైలు..."

"ఫైలు సంగతి తర్వాత!" అత్తగారి కళ్లలో నీళ్లు. "లోపల అరిచి అరిచి గొంతు పోయింది. ఇంతమందిలో నేను లేనని కనిపెట్టింది నువ్వొక్కడివే. ఒకసారి కాదు, మళ్లీ వెతికించావు!"

అల్లుడు నోరు తెరిచాడు. అప్పుడే పరుగున వచ్చిన భార్య అతని కాలు తొక్కింది. అతను నోరు మూసుకుని, వినయంగా తల వంచాడు.

మామగారు మాత్రం సాయంత్రం దాకా కుర్చీ దిగలేదు. అసలుది దొరికాక పాతదాన్ని ఎలా మూసెయ్యాలో ప్రోగ్రాంలో రాసి లేదు.