ఏకనూడుల్ విజయము

సకలవణిగ్జనమనోహరంబును, శీతలయంత్రపవనాందోళితపతాకాసహస్రశోభితంబును, ఊరక రుచి చూడవచ్చినవారి పాదఘట్టనములచే దద్దరిల్లునదియు నగు వ్యాపార ప్రదర్శనశాలయందు, ఆదివారము మధ్యాహ్నము, సూర్యుడు నడినెత్తిని నిలిచి ఎల్లవారి కడుపులలో ఒక్కపెట్టున మంట రేపుచున్న వేళ, ముందు తాను, వెనుక ధర్మపత్ని, ఆమె వెనుక బావమరది నడువగా ఒక మహావీరుడు ప్రవేశించెను.

అతడు గొడుగుల కొట్టు యజమాని. బజారువారందరు అతనిని గొడుగుల దొర అందురు. వానలు కురిసినన్నాళ్లు ఆ కొట్టు కళకళలాడును. వాన వెలిసినదా, ఈగలు తోలుకొనుటయే పని. తోలి తోలి విసిగిన ఆ కుటుంబము గొడుగులకొక నమస్కారము పెట్టి, జపాను పద్ధతి ఫాస్ట్‌ఫుడ్ ఫ్రాంచైజీ ఒకటి తీసుకొనవలెనని నిశ్చయించెను. ఏది తీసుకొనవలెనన్న చోటనే ముగ్గురికి మూడు దారులయ్యెను. కొట్టు ముగ్గురి పేరిట నున్నది గనుక ఎవరి నోరు మూయించుటయు ఎవరి తరము కాకపోయెను.

శాల నడుమ మూడు స్టాళ్లు మూడు శత్రుదుర్గములవలె వరుసగా నిలిచియుండెను. మొదటిది నూడుల్స్ సూపు కంపెనీది. దాని పొగలు మేఘములై లేచుచుండెను. రెండవది చేప ముక్కలు పొదిగిన అన్నపు రోల్సువారిది. అవి బెల్టుపై ఊరేగింపుగా తిరుగుచుండెను. మూడవది గిన్నె అన్నమువారిది. అందు పొగయు లేదు, ఊరేగింపును లేదు. గిన్నెడు అన్నము, దానిపై కూర, అంతియే.

సూపు పరిమళము నాసాపుటముల సోకినంతనే దొర ఒడలు పులకరించెను. చిన్ననాట నాటకములలో ద్వారపాలకుని వేషము తప్ప వేరొకటి దొరకక, ఆనాడు మింగుకొన్న రాజుల సంభాషణలన్నియు నేటికిని అతని గొంతులో కదలుచుండును. అవి ఇప్పుడు పైకుబికెను.

"వినుము బావమరదీ. వానలో తడిసి వణికెడు నరునకు గొడుగు పట్టినవాడను నేనే. వానికి వేడి వేడి సూపు పోయువాడను గూడ నేనే కావలె. ఇది విధిలిఖితము."

"ఏవండీ, కాస్త మామూలుగా మాట్లాడండి. అందరూ చూస్తున్నారు," అని భార్య కొంగు సర్దుకొనెను.

"నూడుల్స్ ఏ సందులో చూసినా ఉన్నాయి బావా," అనెను బావమరది. "ఆ రోల్స్ చూడు, రైలు బండిలా ఎలా తిరుగుతున్నాయో. జనం ఊరికే నిలబడి చూసినా చాలు."

"ఊరికే చూసిపోతే మనం ఏం తినాలిరా?" అనెను భార్య. "పైగా పచ్చి చేప. రోజూ తాజాగా తేవాలి, మిగిలింది పారెయ్యాలి. గిన్నె అన్నమైతే రెండు పొయ్యిలు, ఒక డేగిసా. మన కొట్టుకి అదే సరిపోతుంది."

"అక్కా, నీకు టేస్టు లేదు."

"నీకు బుర్ర లేదు."

ఇట్లు వాగ్యుద్ధము ముదురగా, ఫోనులో వీడియోలు చూచి జపానువారివలె రెండు పుల్లలతో తినుటలో ఆరితేరితినని నమ్మిన ఆ బావమరది ఒక భీషణప్రతిజ్ఞ చేసెను. "పుల్లలతో తినడం రానివాళ్లు పుల్లల హోటలేం నడుపుతారు? తలా ఒక్కసారి. తను మెచ్చిన తిండిని కింద పడకుండా ముందు ఎవరు నోట్లో పెట్టుకుంటే వాళ్ల మాటే ఖాయం. ముందు నేను."

అక్కయు బావయు సరేననిరి. అంత నా యువకుడు పుల్లలు బూని, బెల్టుపై నేమియు నెరుగక పోవుచున్న రోల్ నొకదానిని ఒడిసిపట్టెను. పట్టినవాడు పట్టు సడలించునా? బిగించెను. ఇంకను బిగించెను. రోల్ నింగిలో పగిలి మెతుకులు అక్షతలవలె రాలెను; చేప ముక్క ఎగిరి కంపెనీ ప్రతినిధి టైకి పతకమువలె అంటుకొనెను.

"ఇది లెక్కలోకి రాదు," అని బావమరది గొణిగెను.

"టై ఉతికించడం లెక్కలోకి వస్తుంది సార్," అనెను ప్రతినిధి.

ఇక దొర వంతు వచ్చెను. ఆతడు సూపు గిన్నె ముందు పద్మాసనము వేయబోయి, అది ఎత్తుపీట యగుటచే మానుకొని, పుల్లలు సంధించెను. మొదటి దాడిలో నూడుల్ జారెను. రెండవ దాడిలో పుల్ల జారెను. మూడవ దాడిలో సూపు చింది కళ్లద్దములు మసకబారగా, ఆ వీరునకు లోకమంతయు తెల్లని పొగయై తోచెను. అతనికి లోలోపల భయము పుట్టెను. ఇంట తన మాట నెగ్గి ఎన్నాళ్లయినదో తలచుకొనుటకును అతనికి ధైర్యము చాలలేదు. ఈ ఒక్కటియైనను నెగ్గవలె.

కనులు పనిచేయని ఆ క్షణమున, గొడుగు పుల్లలు బిగించి బిగించి రాటుదేలిన వ్రేళ్లు తమంత తామే కదలెను. ఒక్క నూడుల్ కొన దొరికెను. దొర దానిని పెదవులనందుకొని పీల్చెను. పీల్చినకొలది అది వచ్చుచునే యుండెను. ప్రక్క స్టాళ్లవారు పనులు మాని వచ్చి గుమిగూడిరి. దొర ముఖము తమ్మిపూవైనది, ఆపై వంకాయయైనది.

"కొరికెయ్యండి, ఊపిరాడదు," అని భార్య భుజము పట్టుకొనెను.

దొర తల అడ్డముగా నూపెను. కొరికినచో మిగిలినది క్రింద పడును, పడినచో ఓటమి. తుదకు ఆ నూడుల్ తోక గిన్నెనుండి లేచి, అతని ముక్కుపై ఫెళ్లున చరిచి, నోట అంతర్ధానమయ్యెను. శాల చప్పట్లతో మారుమ్రోగెను. తన వంతు రాకమునుపే పందెము ముగియగా, భార్య పుల్లలు క్రిందబెట్టి, "సరే, మాటంటే మాటే. మీరే గెలిచారు," అనెను.

సూపు కంపెనీ ప్రతినిధి చిరునవ్వుతో వంగి, "ఒక్క మాట చెప్పాలండీ. మా సూపు రాత్రంతా మరగాలి. ఇంటి మనిషి ఎవరో ఒకరు పక్కనే ఉండి కలుపుతూ ఉండాలి. జీతగాళ్లకి అప్పజెప్పకూడదు," అనెను.

అన్నము తిన్న చేయి ఆరకమునుపే గురక పెట్టు దొర, ఆ మాట విని కొయ్యబారెను.

"నేనైతే రాత్రిళ్లు రాను బావా," అనెను బావమరది.

భార్య మాత్రము అరువు దెచ్చుకొన్న శ్రద్ధతో పైకప్పు దీపములను చూచుచుండెను.

దొర లేచి, కళ్లద్దములు తుడిచి, గొంతు సవరించుకొనెను. "గెలిచినవాడను నేను. నిర్ణయము నాది. ఎవరును చెప్పకుండగనే, స్వేచ్ఛగా, విజేతనై ప్రకటించుచున్నాను. మనము తీసుకొనునది గిన్నె అన్నము."

"మంచి ఆలోచనండీ," అనెను భార్య. "మీకు భలే తట్టింది."

ఇట్లు భార్య మాటను తన మాటగా నలుగురిలో పలుకు సర్వాధికారమును భుజబలముచే నార్జించి, ఆ గొడుగుల దొర మీసమున వ్రేలాడు సూపు చుక్కలతో, సపరివారుడై, గిన్నె అన్నమువారి స్టాలునకు జైత్రయాత్ర వెడలెను. అది పది అడుగుల దూరమున నుండెను.