అచ్యుతరామయ్య శ్రమదానం

ఆదివారం పొద్దున్నే వీధి ఊడ్చి నలుగురి మెప్పూ సంపాదించాలని అచ్యుతరామయ్య ఆలోచన. ఇది ఎనభై మూడు వేసవి నాటి మాట. గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ స్టోర్సులో గుమాస్తాగా వచ్చి, కంచరపాలెంలో ఇల్లు తీసుకుని పన్నెండు రోజులే అయింది. ఇన్నాళ్లూ ఇంటి నూతి నీళ్లతో గడిచింది. శనివారం సాయంత్రం చేదకు బురద తగిలింది. వీధిలో చూస్తే ఒక్క ముఖమూ తెలియదు.

"ముందు ఎవరితోనైనా మాట కలపండి. పరిచయం లేనివాళ్లకి బిందెడు నీళ్లెవరిస్తారు?" అంది భార్య గౌరీశ్వరి. మాట కలపడం చేతకాని మనిషి కనుక, చీపురూ తట్టా పట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాడు.

వీధి మొగలో చెత్త కనిపించింది గానీ, అది మామూలు చెత్తలా లేదు. సగం ఇటుక, మూతలేని డాల్డా డబ్బా, ఎడమకాలి చెప్పు, చిల్లి బకెట్టు, ఇలా పదిహేడు వస్తువులు తాడు పట్టి పేర్చినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ఎందుకిలా ఉన్నాయో అతనికి ఎంతకీ అంతుపట్టలేదు. గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోక ఒక్కొక్కదాన్నీ వరసగా గుర్తుపెట్టుకున్నాడు. ఈ ఊళ్లో చెత్తకి కూడా క్రమశిక్షణ ఉందని మురిసిపోయి, మొత్తం తట్టకెత్తి అటుగా వచ్చిన చెత్తబండిలో పోశాడు. బండివాడు ఏదో అడగబోయి, మనకెందుకులే అనుకుని తోలుకుపోయాడు.

ఆరింటికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందెలతో పరుగెత్తుకొచ్చిన జనం, నున్నగా ఊడ్చిన నేలను చూసి కొయ్యబారిపోయారు. ముందురోజు సాయంత్రమే రాయో రప్పో పెట్టి వంతు ఆపుకోవడం ఆ వీధి ఆచారం. తన ఇటుకను గంగాలమ్మే తీసిందని చిలకమ్మ అంది. ఇటుకలు తిని బతికే కొంప కాదు తమదని గంగాలమ్మ అంది. డబ్బా పోయినవాళ్లు చెప్పు పోయినవాళ్లను అనుమానించారు. మాటా మాటా పెరిగింది. అయిదు నిమిషాల్లో వరస తేలకపోతే పక్కవీధికి పోతానని చెప్పి, డ్రైవరు గవర్రాజు బీడీ ముట్టించాడు.

తను చేసిన పనేమిటో అచ్యుతరామయ్యకు అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంటే గండం గడిచేదే. కానీ తన మూలాన వీధివీధంతా దాహంతో ఉండడం అతను భరించలేకపోయాడు.

"నేనే పారేశానండి. చెత్తనుకున్నానండి."

అందరూ అతన్ని వింతగా చూశారు. తిడదామన్నా అతని పేరు ఎవరికీ తెలియదు. చివరికి చిలకమ్మే ముందుకొచ్చింది.

"పారేత్తే పారేసినావు. వొరస సూసినోడివి నువ్వొక్కడివే గదా. ఏటెనకాల ఏటుందో సెప్పు బాబూ."

అతను కళ్లు మూసుకుని అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, సగం ఇటుక. చిలకమ్మ నిలబడింది. రెండు, డాల్డా డబ్బా. గంగాలమ్మ నిలబడింది. మూడు, ఎడమకాలి చెప్పు. సన్యాసిరాజు వచ్చాడు. ఆరు దాకా సాఫీగానే సాగింది. ఏడు, కుడికాలి చెప్పు. ఎవరూ కదల్లేదు. అందరి చూపూ సన్యాసిరాజు ఉత్త కాళ్ల మీద పడింది. ఎనిమిది, ఇటుక రెండో సగం. చిలకమ్మ ఆకాశంకేసి చూసింది. పదకొండు, డబ్బా మూత.

పదిహేడు వస్తువులకూ తేలినవి పదకొండు ఇళ్లు. అరిచే మొహం ఎవరికీ లేకపోవడంతో వరస నిశ్శబ్దంగా కదిలింది. ఆఖరి గులకరాయి ముసలి నారాయణమ్మది. ఏళ్ల తరబడి ఆమెకు ట్యాంకరు అడుగు మడ్డే దక్కేది. ఆ రోజు తేటనీళ్లు మిగిలే ఉన్నాయి. దూరంగా ఖాళీ బిందెతో నిలబడ్డ గౌరీశ్వరిని ఆమె చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"నీకు రాయి నేదు గదమ్మా. నా ముందు నిల్సో."

గౌరీశ్వరికి కళ్లు చెమర్చాయి. ఆ పూట ఆమెను పేరు అడగని ఇల్లు లేదు.

ఆనాటి నుంచి ఆ వీధివాళ్లు రాళ్లు పెట్టడం మానేశారు. ఎవరి వెనక ఎవరొచ్చారో గుర్తుంచుకోడానికి వేకువన నాలుగింటికల్లా అచ్యుతరామయ్యను పెట్టడం మొదలెట్టారు.