రెండు జంపఖానాల నడుమ

మహిపాల్ ఫ్లెక్సీ కొట్టిస్తున్నాడట. ఈ మాట పక్కింటి ప్రేమలత తెచ్చింది. ప్రేమలతకు ఆమె ఆడబిడ్డ చెప్పిందట, ఆడబిడ్డకు హనుమకొండలో ఫ్లెక్సీల దుకాణంలో పనిచేసే ఆమె మరిది చెప్పాడట. తెల్ల అంగీ, రెండు చేతులు జోడించిన నిలువెత్తు ఫోటో, పక్కన మేడారం గద్దెలు, పైన సంఘం పేరు. "దానికింద అధ్యక్షుడు అని ఇంతింత అక్షరాలున్నయట వదినా. సగం అచ్చయ్యే వరకు పిలగానికి డ్యూటీ అయిపోయింది, ఇంటికి అచ్చిండు. గని అధ్యక్షుడు అనేది మాత్రం కండ్లార చూసిండట," అని ప్రేమలత గోడ మీదినుంచి సరోజనకు చెప్తుంటే, గోడకు ఇవతల అద్దం ముందు నిలబడ్డ సదానందం గడ్డం రెండు చోట్ల తెగింది.

ఆ ఆదివారానికి సదానందం వేసుకున్న ప్లాను సాదాసీదా ప్లాను. పొద్దున సంఘం మీటింగు. పాత అధ్యక్షుడు వెంకట్రాజం తప్పుకుంటాడు, సదానందం పోటీ లేకుండా ఆ కుర్చీ ఎక్కుతాడు. మధ్యాహ్నం అదే షామియానా కింద, అదే బగారన్నంతో, కూతురు దీపకు పెళ్లి ఖాయం చేసే పూలుపండ్లు. పిల్లవాడు భానుచందర్. ఈ ఫ్లెక్సీ మహిపాల్ కొడుకే. సదానందం రైల్వేలో గ్యాంగ్‌మేట్‌గా చేసి రిటైరైన మనిషి. ఒక్క ట్రాలీ మీద రెండు పనుల సామాను తోలడం ఆయనకు చేతికొచ్చిన విద్య.

"పిల్లనిస్తాన్న గదా! వియ్యంకుడయ్యేటోడు కాళ్ల కింద చాప గుంజుతడా?" అన్నాడు గడ్డానికి పటిక రాసుకుంటూ.

"ఆమె చెప్పింది ఎన్నడు నిజమైంది? నువ్వు పోయి మహిపాల్ బావనే అడుగు," అంది భార్య సరోజన.

అడిగితే అలుసైపోతానని సదానందం అడగలేదు.

అడవి పల్లెలనుంచి రైల్వే పనులకు వచ్చి కాజీపేటలో నిలదొక్కుకున్న కోయ కుటుంబాల సంఘం అది. పెళ్లయినా చావైనా పంచాయతీ అయినా అందరూ అక్కడే కూడతారు. దాని నియమాలు సదానందమే రాశాడు. వాటిలో మూడింటి మీద ఆయనకు మహా గర్వం. ఒక్కో గట్టు నుంచి ఒక్కరే పదవికి నిలబడాలి, ఇద్దరుంటే వయసులో పెద్దవాడిదే హక్కు. ఒకే గట్టులో అన్న మాట్లాడాక తమ్ముడు సభలో నోరు తెరవకూడదు. తాను పెట్టిన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకున్నవాడు వచ్చే జాతర దాకా ఏ పదవికీ పనికిరాడు. "మాట మీద నిలబడనోడు కుర్చీల ఎట్ల కూసుంటడు?" అని ఆ చివరిదానికి అప్పట్లో చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

గట్టంటే వంశం లెక్క. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పిల్లనిచ్చి పుచ్చుకోవాలంటే గట్టు వేరై ఉండాలి. సదానందంది మూడో గట్టు. ఆయనకంటే వయసులో చిన్నవాడైన మహిపాల్ సంగతే కాస్త మెలిక. అతని తాత ఐదో గట్టులో పుట్టి, మూడో గట్టువాళ్ల ఇంటికి ఇల్లరికం వచ్చి, అత్తవారి ఇంటిపేరుతోనే కాలం వెళ్లదీశాడు. ఇంటిపేరు చూస్తే మూడు, పుట్టుక చూస్తే ఐదు. పెద్దలు ఎప్పుడూ పుట్టుకనే చూశారు గనుక మహిపాల్ సదానందానికి బావ అయ్యాడు, సంబంధం కుదిరింది. ఇస్త్రీ అంగీ తొడుక్కుంటూ ఈ మెలిక దగ్గర సదానందం ఆగాడు. చేప గాలాన్ని చూసినట్టు కాక, గాలమే చేపను చూసినట్టు చూశాడు.

షామియానా కింద కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు రెండు పరిచారు. మూడో గట్టువాళ్లు ఒకదాని మీద, వాళ్లతో వియ్యమందే గట్లవాళ్లు రెండోదాని మీద కూర్చోవడం ఆనవాయితీ. ఎదురుగా అధ్యక్షుడి కుర్చీ, దాని పక్కన అందరికంటే పెద్దావిడ సమ్మమ్మకు పీట. వెనకనుంచి బగారన్నం వాసన సభ నడుమకు వచ్చి కూర్చుంది.

సదానందం లేచాడు. "మెంబర్ల గట్టును ఇంటిపేరును బట్టే లెక్కగట్టాలని తీర్మానం పెడ్తాన్న. ఎవలి తాత ఏడికెల్లి ఇల్లరికం అచ్చిండో ఎవలికి యాదుంటది? పోరగాండ్లకు ఆగమాగం. ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి."

ఆకలి మీదున్న సభ తీర్మానాన్ని నమలదు, మింగుతుంది. అందరూ చేతులెత్తారు. కాబోయే వియ్యంకుడు పెట్టిన తీర్మానం కదా అని మహిపాల్ రెండు చేతులూ ఎత్తాడు.

"అయితే మహిపాల్ మా గట్టే. ఇటు అచ్చి కూసో తమ్మీ."

మహిపాల్ అయోమయంగా ఈ జంపఖానా మీదికి వచ్చాడు. "అది కాదు బావా, నేను గా కుర్చీకి..."

"బావ కాదు, అన్న. అన్న మాట్లాడినంక తమ్ముడు మాట్లాడద్దు. రూల్."

మహిపాల్ నోరు మూసుకున్నాడు. వెంకట్రాజం కుర్చీ దిగాడు, సదానందం ఎక్కాడు. బంతిపూల దండ మెడలో పడింది. ఇంత సుళువుగా పట్టాలెక్కిన బండిని తన సర్వీసులోనే చూడలేదని ఆయన లోలోపల మురిసిపోతున్నాడు.

అప్పుడు వంటల వైపునుంచి దీప ఛాయ్ పళ్లెం పట్టుకుని వచ్చింది. ఎవరికీ ఇవ్వలేదు. నేరుగా భానుచందర్ ముందుకు వెళ్లి నిలబడింది. తండ్రి వైపే చూస్తూ, షామియానా చివరిదాకా వినిపించేలా అంది:

"ఛాయ్ తీస్కో, అన్నయ్యా."

భానుచందర్ ఛాయ్ కొత్త ప్యాంటు మీద పడింది.

సరోజన గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఏందే గా మాట?"

"నేనేం జెయ్యనమ్మా? ఇందాక నాయినే చేతులెత్తిచ్చిండు. మామ నాయినకు తమ్ముడైతే, భాను నాకేమైతడు?"

సదానందం నవ్వబోయాడు, మూతి సహకరించలేదు. "అరే, కుర్చీ లెక్క వేరు, పెండ్లి లెక్క వేరు..."

"మనిషికి గట్టు ఒక్కటే ఉంటది కొడుకా," అంది సమ్మమ్మ పీట మీదినుంచి. "పొద్దటికొకటి, మాపటికొకటి ఉండది."

ఇంతలో వెంకట్రాజం గొంతు సవరించుకున్నాడు. "మా నాయిన సుత ఇల్లరికమే. ఇంటిపేరు లెక్కన జూస్తే నేను..." అని ఎదురు జంపఖానా మీద పుట్టింటివాళ్లతో కూర్చున్న భార్య శారద వైపు చూసి ఆగిపోయాడు.

శారద మాత్రం ఆగలేదు. "అయితే నువ్వు నాకు అన్నవన్నట్టు! మంచిదే. రేపటి సంది నీ బువ్వ నువ్వే వండుకో. రాఖీల పున్నానికి మాత్రం తప్పకుంట అస్త."

అక్కడినుంచి సభ సభలా లేదు. ఎవరి తాత ఇల్లరికం వచ్చాడో గుర్తు చేసుకుంటూ జనం ఈ జంపఖానా మీదినుంచి ఆ జంపఖానాకూ, అక్కడినుంచి ఇక్కడికీ జరిగారు. వదినా మరదళ్లని నోటికొచ్చిన పరాచికాలాడినవాళ్లు నాలుక కరుచుకున్నారు. ఒక ముసలాయన నడుమ నేల మీద నిలబడి, "నేను ఎటు కూసోవాల్నో జెప్పుండ్రి, నా మోకాళ్లు గుంజుతానయి," అని మొత్తుకున్నాడు.

మహిపాల్ భార్య పద్మలత లేచి, తెచ్చిన పూల పళ్లేలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. "పాండ్రి పోదాం. చెల్లెకు పూలుపండ్లు మోసుకచ్చే అన్నను నేనేడ చూడలే."

"ఆగు వదినా, జర ఆగు," అని సరోజన పళ్లెం ఒక అంచు పట్టుకుంది. పద్మలత రెండో అంచు వదల్లేదు. మహిపాల్ మళ్లీ చెయ్యెత్తాడు.

"నువ్వాగు తమ్మీ!" అని అరిచాడు సదానందం. అరిచాక కదా తెలిసింది, ఏమని అరిచాడో. మహిపాల్ చెయ్యి దించి, రెండు పెదవులూ లోపలికి మడిచి కూర్చున్నాడు.

సదానందం మెదడు ఇంకా పరుగెడుతోంది. "ఇగో, మహిపాల్‌ను మెంబర్ల లెక్కల నుంచి తీసేద్దాం. మెంబరే కాకుంటే గట్టు లెక్కే రాదు గదా!"

"సంఘంల లేనోళ్లకు మనం పిల్లనియ్యం," అంది సమ్మమ్మ. "అది నీ రూల్ గాదు. మా తాతలది."

పద్మలత పళ్లేన్ని గట్టిగా లాక్కుంది. చెప్పులు వెతుక్కుంటున్నారు వాళ్ల వాళ్లు. ఒకడు ఆటో కోసం ఫోన్ చేస్తున్నాడు. సరోజన మొగుడి చెవి దగ్గరికి వంగింది. ఆమె గొంతు మెల్లగా ఉంది, అదే ఆయనకు భయం. "పొద్దు గుంకకముందుకే నా బిడ్డ తలల పూలు పడాలె. పడకపోతే గీ కుర్చీనే నీ ఇల్లు. వండుకునుడు, పండుకునుడు అన్నీ గిందులనే."

"మాట వెనక్కి తీస్కో," అంది సమ్మమ్మ. "గంతకన్న తొవ్వ లేదు."

తీసుకుంటే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. అందరికీ తెలుసు. ఆ నియమానికి చప్పట్లు కొట్టిన చేతులే అవి.

సదానందం దండను తడుముకున్నాడు. ఈ కుర్చీ కోసం ఎన్ని పెళ్లిళ్లలో వడ్డన చేశాడు, ఎన్ని శవాలు మోశాడు, ఎన్ని జాతరలకు బండ్లు కట్టించి తాను మాత్రం టాపు మీద కూర్చుని పోయాడు! తల తిప్పి దీపను చూశాడు. ఖాళీ పళ్లెం అంచును బొటనవేలి గోటితో గీకుతూ నిలబడి ఉంది, తల ఎత్తడం లేదు. బట్టల కోసం అలగలేదు, సెల్లు కోసం ఏడవలేదు. ఆ పిల్ల నోరు తెరిచి ఇది కావాలని అడిగింది ఒక్క భానుచందర్‌నే.

ఆయన లేచాడు. దండ తీసి కుర్చీ వీపుకు తగిలించాడు.

"నా తీర్మానం నేను వెనక్కి తీసుకుంటాన్న," అన్నాడు. ఆ మాట గొంతులోంచి రావడానికి గూడ్సు బండి స్టేషన్ దాటినంతసేపు పట్టింది.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. జనం బిలబిలమని ఎవరి జంపఖానా మీదికి వాళ్లు వెళ్లిపోయారు. వెంకట్రాజం మళ్లీ మొగుడయ్యాడు. శారద ముఖం కొంచెం చిన్నబోయింది. మరి అధ్యక్షుడెవరని ఎవరో అడిగితే, నలుగురూ మహిపాల్ వైపు చూశారు. మహిపాల్ నోరు విప్పకుండానే తల అడ్డంగా ఊపాడు. ఆఖరికి దండ తీసి సమ్మమ్మ మెడలో వేశారు. ఆమె పీట మీదినుంచి లేవలేదు. "గా కుర్చీ ఎత్తు, నాకు కాళ్లందయి," అంది.

పూలుపండ్లు జరిగాయి. దీప తలలో పూలు పడ్డాయి. సరోజన గరిటె కింద పెట్టింది. సదానందం మాత్రం ఏ జంపఖానా మీదా కూర్చోలేక, రెండింటి నడుమ ఉత్త నేల మీద చతికిలబడ్డాడు.

బగారన్నం వడ్డించే వేళకు ఒక ఆటో వచ్చి ఆగింది. పైన కట్టిన ఫ్లెక్సీని ఇద్దరు దించి, షామియానా గుంజలకు కట్టి విప్పారు. చేతులు జోడించిన మహిపాల్. పక్కన గద్దెలు. పైన సంఘం పేరు. దానికింద ఇంతింత అక్షరాలతో: "అధ్యక్షుడు, మా వియ్యంకుడు సదానందం గారికి శుభాకాంక్షలతో, మీ బావ మహిపాల్."

ప్రేమలతకు అప్పుడే ఇంట్లో పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గుర్తొచ్చింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయింది.

సదానందం ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివాడు. కిందినుంచి పైకి కూడా చదివాడు. చివరికి పక్క విస్తరి ముందు కూర్చున్న మహిపాల్ వైపు తిరిగి, ఏడవలేక అడిగాడు:

"గీ ముచ్చట ముందుగాలనే నోరు తెరిచి చెప్తే ఏమాయె బావా?"

మహిపాల్ ముద్ద మింగి, చెయ్యి విస్తరి అంచున తుడుచుకున్నాడు.

"తమ్ముడు నోరు తెరవద్దంటివి. తెరవలే."