మామగారి అభిప్రాయాహరణము

వసంతము సెలవు పుచ్చుకొని గ్రీష్మము ఇంకను గడప దాటని సంధికాలమున, ఒకానొక ఆదివారపు అపరాహ్ణవేళ, భానుడు మేడల గాజుకిటికీలపై సువర్ణబాణపరంపరను కురిపించుచుండగా, వీధులన్నియు భోజనానంతర నిద్రాభారమున ఆవులించుచుండగా, నగరమధ్యమందలి ఒక సినిమాహాలు సోపానములపై, కుడిచేత టిక్కెట్లును ఎడమచేత చేతిసంచియును ధరించి, జుట్టుముడి బిగించి, పెదవి కొరికి, సమరోత్సాహమున నిలిచియున్న ఆ వనితామణి ఎవరు?

ఆమె కళ్ళజోళ్ళ దుకాణమున జనుల కంటిచూపు పరీక్షించు ఉద్యోగిని. "ఈ అద్దం బాగుందా, ఇది బాగుందా?" అను ప్రశ్నాస్త్రమును సంధించి, ఎంతటి సందేహజీవి నోటినుండియైనను సమాధానమును రాబట్టగల అమోఘ ధనుర్ధారిణి. అట్టి ధీర నేడు యుద్ధమునకు వెడలినది. శత్రువు వెనుక మెల్లగా మెట్లెక్కి వచ్చుచున్న మామగారు కారు. ఆ మామగారి నోట కొంతకాలముగా కాపురము పెట్టి, ఎంత చెప్పినను ఖాళీ చేయని రెండు మాటలు. అవి యేవనగా: "మీ ఇష్టం."

ఆ మామగారు సామాన్యులా? బిస్కట్ల ఫ్యాక్టరీలో రుచి చూచు ఉద్యోగమున తల పండినవారు. ఆయన బిస్కట్టును చెవియొద్ద విరిచి, ఆ టప్పుమను ధ్వనిని ఆలకించి, కొసపంటితో కొరికి, కనుబొమ ముడిచినచో, మహాజ్వాలాగర్భములైన పొయ్యిలు ఠక్కున ఆగిపోయెడివి. ఇంటియందును అంతే. కిటికీ తెరల పొడవు మొదలు వార్తలు చదువు అమ్మాయి జుట్టు వరకు, ఆయన అభిప్రాయబాణమునకు గురికాని వస్తువు భూతలమున లేకుండెను. ఆ బాణములకెల్ల ఎదురొడ్డి నిలువగల యోధురాలు ఒక్కతెయే. ఆమె ఆయన భార్య. "మీ మొహం, మీకేం తెలుసు" అను ఒక్క శరముతో ఆయన పది శరములను తుంచివైచెడిది. పొద్దుట కాఫీతో మొదలైన వాదము రాత్రి దీపమార్చువరకు సాగి, మరునాడు కాఫీతో మరల చిగురించెడిది.

ఆమె నిరుడు కన్నుమూసెను. ఎదురు చెప్పువారు లేక ఆయన చెప్పుటయే మానెను.

"నీ గదికి ఏ రంగు వెయ్యమంటావు నాన్నా?" అని, ఇళ్ళకు రంగులు వేయించు కాంట్రాక్టరైన కుమారుడు అడుగగా, "మీ ఇష్టం" అనెను. ఎవరి ఇంటనో మిగిలిన వంకాయరంగు ఆ గది గోడలకెక్కెను. ఆయన ఆ వంకాయగర్భమున కిమ్మనక నిదురించెను. ఇంతవరకు కోడలు సహించినది. అయితే మొన్న తన దుకాణమునందే ఆయనను కుర్చీలో కూర్చుండబెట్టి, అద్దములు మార్చి మార్చి, "మావయ్యగారూ, ఇదా, ఇదా? దేంట్లో అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి?" అని అడుగగా, ఆ పెద్దమనిషి ఏమనెనో వినుడు.

"నీకేది బాగుంటే అది పెట్టేయమ్మా. నీ ఇష్టం."

తన కన్నులకు ఏది కనబడునో అదియు పరుల ఇష్టమేనట! ఆ మాట చెవిని పడినంతనే ఆ వీరాంగన చేతిలోని అద్దమును ఠక్కున పెట్టెలో పడవేసెను. మనోరంగమున ఆమె ఇట్లు ఘోషించెను: "ఓరీ మీఇష్టమా! మర్యాద అను కవచము తొడిగి మనిషిని లోలోపల తొలుచు పురుగా! మా మావయ్యగారి కోపమేది? విసుగేది? ముక్కు విరుపేది? నీవు మింగిన అభిప్రాయములలో కనీసము ఒక్కదానినైనను నీ కడుపు చీల్చి వెలికి తీయకున్న, నేను అద్దములు పట్టుట మాని చీపురు పట్టెదను గాక!" పైకి మాత్రము, "సరే మావయ్యగారూ, ఇంకోసారి చూద్దాం" అనెను.

ఆ ప్రతిజ్ఞాఫలమే నేటి సినిమా. ఆడపడుచు, అనగా భర్తకు అక్క, పళ్ళ డాక్టరు, దానిని ఏరి తెచ్చినది. "ఇందులో ఎవరూ ఎవర్నీ కొట్టరట, ఎవరూ చావరట. వారమంతా జనం నోళ్ళు తెరిపించి ఏడిపించేదాన్ని, ఆదివారమైనా నన్ను నవ్వనివ్వండి" అని ఆ దంతవైద్యశిరోమణి వేడుకొనగా, నలుగురును కదలిరి.

ఆ చిత్రకథ యెట్టిదనగా: మంచు అన్నమాటయే ఎరుగని ఒక ఎండల ఊరిలో, లిఫ్టులు బాగుచేయు నడివయసు మెకానిక్కు ఒకడు. వానికి ఒక వింత కల. మంచుగడ్డపై, అడుగున కత్తులు బిగించిన బూట్లు తొడిగి, పక్షివలె జారవలెనని. ఊరంతయు నవ్వెను. ఐస్ ఫ్యాక్టరీ నడుపు ఒక స్త్రీ మాత్రము, నవ్వుచునే, తన గోదాము తలుపు తెరచి, ఐసుగడ్డలు వరుసగా పేర్పించి, "రా, పడు" అనెను. వాడు పడెను. మరల మరల పడెను. ఆ పడుటలోనే ప్రేమలోను పడెను. తుదకు దూరదేశమున ఒక పోటీలో గెలిచి వెండికప్పు ఎత్తెను. ఇంతియే కథ.

హాలులో చీకటి కమ్మెను. తెరపై వాడు జారుచుండగా కోడలు తెరవైపు చూడలేదు. తెర వెలుగు పడి మెరయు మామగారి ముఖమండలమునే కోటగోడ చుట్టు తిరుగు వేగులవానివలె పరికించుచుండెను. పెదవి కదలెనా? లేదు. కనుబొమ లేచెనా? లేదు. ఒకమారు ముక్కు కదలెను. ఆమె ఊపిరి బిగబట్టెను. అది తుమ్ము.

విరామభేరి మ్రోగెను. నాయిక మొదటి దాడికి పూనుకొనెను.

"పాప్‌కార్న్ తెస్తాను మావయ్యగారూ. ఉప్పుదా, తీపిదా?"

"ఏదైనా ఒకటేనమ్మా. మీ ఇష్టం."

ఆమె కపటయుద్ధమునకు దిగెను. రెండును కొని, ఒకటి ఆయన కుడిప్రక్కన, ఒకటి ఎడమప్రక్కన మోహరించి, ఏ చేయి ఏ పక్షమున కురుకునో చూచి రహస్యము గ్రహింపవచ్చునని పొంచియుండెను. ఆ మహానుభావుడు ఒక గింజ కుడినుండి, ఒక గింజ ఎడమనుండి, తిరిగి కుడినుండి, తిరిగి ఎడమనుండి, తగవు తీర్చు పెద్దమనిషివలె సమన్యాయమున భుజించెను. ఆ పాప్‌కార్న్ వ్యూహము పటాపంచలాయెను.

"ఇంతవరకూ ఎలా ఉంది మావయ్యగారూ?" అని ఆమె రెండవ బాణము వేసెను.

"మీకు నచ్చిందిగా. చాలు."

బాణము దూదిమూటలో గ్రుచ్చుకొన్నట్లు చప్పుడైనను లేదు.

ఆట ముగిసి జనసముద్రము గుమ్మమునుండి పొంగి పొరలి వెలుపలికి వచ్చెను. అభిప్రాయములు అన్ని దిక్కులను ఎగసెను. "అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అని ఒకతె. "ఏముందీ, వాడు లేవడం, వాడు పడటం" అని ఒకడు. "హీరోకి పొట్టుందే!" అని కాలేజీ పడుచు ఒకతె నివ్వెరపోగా, "మీ నాన్నకి లేదా? మీ అమ్మ చేసుకోలేదా?" అని ఆమె స్నేహితురాలు ప్రత్యస్త్రము విసరెను. ముసలిదంపతులిరువురు ఒకరిచేయి ఒకరు పట్టుకొని, మెట్లపై జారుచున్నట్లు నటించుచు నవ్వుకొనుచు దిగిరి. ఇంతటి అభిప్రాయవర్షమున తడిసియు, మామగారు గొడుగు క్రింద నడచువానివలె పొడిపొడిగా నడచిపోవుచుండెను.

ఎదుటి టీకొట్టులో నలుగురును ఒక బల్ల చుట్టు చేరిరి. అదియే కడపటి రణరంగము.

"నాకైతే భలే నచ్చింది. వాడు కప్పెత్తినప్పుడు ఏడ్చేశాను తెలుసా" అని పళ్ళ డాక్టరు ముక్కు చీదెను.

"నువ్వు ప్రకటనలకీ ఏడుస్తావులే అక్కా" అని తమ్ముడు టీ ఊదుకొనుచు అనెను. "ఏదో ఉందిలే, చూడొచ్చు. ఆ ఐస్ ఫ్యాక్టరీ ఆవిడ సంగతే నాకు మింగుడు పడలేదు. వాడంత గట్టిగా వెల్లకిలా పడితే, ప్రేమించిన మనిషి పరిగెత్తుకు రావాలా, పొట్ట పట్టుకుని నవ్వాలా? అలా ఎవరైనా నవ్వుతారా? అక్కడే నాకు నమ్మకం పోయింది."

కోడలికి ఇక ప్రశ్నాస్త్రములు మిగులలేదు. అమ్ములపొది అడుగంటెను. బాహువులు వ్రాలెను. ఆమె గ్లాసుచుట్టు వ్రేళ్ళు చుట్టి, ఓటమి నంగీకరింపబోవు సేనానివలె తల వంచెను. సరిగా ఆ క్షణమున, ఎవరును ఏమియు అడుగకయే, బల్ల కొసనుండి, చిరకాలము ఒరలో తుప్పుపట్టిన ఖడ్గము కిర్రుమని వెలువడినట్లు, ఒక మాట వెలువడెను.

"తప్పు."

ముగ్గురి చేతులలోని గ్లాసులును గాలిలో నిలిచిపోయెను.

"ఏంటి నాన్నా?" అని కొడుకు.

"తప్పంటున్నాను. నవ్వుతుంది." మామగారు గ్లాసును ప్రక్కకు జరిపెను. "మీ అమ్మ నవ్వలేదూ? పెళ్ళైన కొత్తలో నాకు ఒంటిచక్రం సైకిలు పిచ్చి. సర్కస్‌లో తొక్కుతారే, అది. ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో తొక్కి చూపించాలని. సాయంత్రం రాగానే మన సందులో ఎక్కేవాణ్ణి, పడేవాణ్ణి. మీ అమ్మ గుమ్మంలో కూర్చుని ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళొచ్చేవి దానికి. ఆ ఎక్కిళ్ళతోనే వచ్చి సైకిలు పట్టుకునేది, ఊఁ, మళ్ళీ ఎక్కండి అని. మానేయమని మాత్రం ఒక్కనాడూ అనలేదు."

"నువ్వు ఒంటిచక్రం తొక్కావా!" అని కూతురు నోరు వెళ్ళబెట్టెను. జీవితమంతయు పరుల నోళ్ళు తెరిపించిన ఆమె నోరు తానై తెరచుకొనుట అదియే మొదలు.

"తొక్కలేదు. ఎప్పటికీ రాలేదు నాకు. మోకాలు చిప్ప పగిలింది, సైకిలు ఎవరికో ఇచ్చేశాం. అదే నేను చెప్పేది! రాకపోతే ఏం తక్కువైంది? ఆ మెకానిక్కుకి కప్పెందుకు? వాడికి కావలసింది ఐసు మీద నాలుగడుగులు జారడం. ఆ అమ్మాయి చూస్తుండగా జారాడు. అక్కడితో అయిపోయింది. ఆ పోటీ, ఆ చప్పట్లు, ఆ కప్పూ, అంతా దండగ. చివర చెడగొట్టారు."

"అదేంటి నాన్నా! అంత కష్టపడ్డవాడికి ఏదో ఒకటి దక్కొద్దూ?" అని కూతురు బల్లను చరచెను.

"దక్కిందిగా! ఆవిడ దక్కింది. కప్పేం చేసుకుంటాడు, పాలు పోసుకు తాగుతాడా?"

కుమారునకు టీ పొరబోయి ముక్కునుండి వెడలెను. కూతురు ఊరుకొనక, కప్పు లేని కథ ఉప్పు లేని భోజనమనెను. తండ్రి ఊరుకొనక, నీకు ఉప్పు తప్ప రుచేం తెలుసనెను. వ్రేలు పైకెత్తెను. గొంతు పెంచెను. కనుబొమ ముడిచెను! ఏ కనుబొమ ముడివలన మహాగ్నిగుండములు చల్లారెడివో ఆ కనుబొమయే! ప్రక్కబల్లవారు తిరిగి చూచిరి. ఆ వాగ్వాదతుములమున కోడలికి కళ్ళజోడుతోనే పని పడెను. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకొని, మరల తీసి తుడిచెను. అద్దములు శుభ్రముగనే ఉండెను. మసక అద్దములది కాదు.

"నువ్వేమంటావమ్మాయ్? కప్పుండాలా, వద్దా?" అని ఆయనయే ఆమెవైపు తిరిగి అడిగెను.

ఆమె పెదవులపై "మీ ఇష్టం మావయ్యగారూ" అను మర్యాద తటాలున వచ్చి నిలిచెను. ఆమె దానిని పండ్లతో అదిమి చంపెను.

"ఉండాల్సిందే" అనెను. "మీకేం తెలుసు మావయ్యగారూ, కప్పుతోనే అందం."

ఆయన ఆమెను ఒక నిమిషము తేరిపార చూచెను. ఏ మాట గుర్తునకు వచ్చెనో, ఏ గొంతు వినబడెనో, పెదవి ఒకవైపు కొద్దిగా వంగెను. "సరిపోయింది. ఇంటినిండా కప్పుల పార్టీయే" అని టీ మిగులు గుటుక్కున మ్రింగెను.

వెలుపలికి వచ్చునప్పటికి ఎండ పసుపుబారి, గోడల నీడలు వీధికి అడ్డముగా పండుకొనియుండెను. కోడలు గుండె చిక్కబట్టుకొని అడిగెను.

"వచ్చే ఆదివారం మళ్ళీ వద్దామా మావయ్యగారూ? ఏ సినిమాకి వెళ్దాం?"

ఆయన నడచుచునే అనెను: "మీ ఇష్టం."

ఆహా! నరకబడిన తల తిరిగి మొలచినట్లు ఆ దుష్టశబ్దము లేచి నిలిచెను! కుమారుని చేతిలో తాళములు గలగల మాని మూగపోయెను. పళ్ళ డాక్టరు చెప్పు సవరించుకొనుచు ఒంటికాలిమీదనే ఆగిపోయెను.

ఆయన రెండడుగులు వేసి ఆగెను. వెనుకకు తిరిగెను. మెడపై చేయి వైచి, అటునిటు త్రిప్పి, ముఖము చిట్లించెను.

"కానీ, అంత ముందు వరసలో మాత్రం తీసుకోకమ్మా. మెడ పట్టేసింది."

విన్నారా సభాసదులారా! దుందుభులు మ్రోగలేదు, పూలు రాలలేదు, ఆటో ఒకటి హారను కొట్టెను, చాలదా? రాజ్యములు గెలిచినవారు కలరు, సముద్రములు దాటినవారు కలరు. అద్దముల దుకాణపు ఆ వీరకోడలు ఆ సాయంసంధ్యవేళ, బస్టాపుకు పోవు దారిలో, ఆప్తుని నోటినుండి "కానీ" అను రెండక్షరముల మహాసామ్రాజ్యమును జయించి, అత్యంత వినయమున ఇట్లు పలికెను:

"అలాగే మావయ్యగారూ. వెనకవైపే తీసుకుంటాను."

"మరీ వెనక వద్దు" అనెను మామగారు.