ఏడవడానికి వంతులు, ఓదార్చడానికి స్టార్లు

ఏ బహుమతీ నన్ను ఇంతవరకూ కదిలించలేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. అయినా ఒప్పుకుంటున్నాను. బుద్ధిగా ఉన్న పిల్లలకు బడిలో స్టిక్కర్ స్టార్లు అంటించాలని కనిపెట్టిన మహానుభావుడికి వీధికో విగ్రహం పెట్టాలి!

మా రోజుల్లో మంచితనం ఎంత అధ్వానంగా ఉండేదో తెలుసా? ఒకడు మంచివాడో కాదో తేల్చుకోవాలంటే వాడితో ఏళ్ల తరబడి తిరగాలి. ఇప్పుడా బాధ లేదు. చొక్కా చూస్తే చాలు.

మా మనవరాలి క్లాసులో పోయిన వస్తువు తెచ్చిస్తే టీచరమ్మ ఒక స్టార్ ఇస్తుంది. మరి పోతేనే కదా దొరికేది? అందుకని పిల్లలంతా పొద్దున్నే పెన్సిళ్లు నేల మీద పారేసి, ఒకళ్లవి ఒకళ్లు ఏరి ఇచ్చుకుంటారు. "నా రబ్బరు నువ్వు వెతుకు, నీ స్కేలు నేను వెతుకుతా" అని బస్సులోనే ఒప్పందాలైపోతాయి.

ఇది చూసి మా కోడలు ఇంట్లోనూ మొదలెట్టింది. తడి తువ్వాలు మంచం మీద పడెయ్యకుండా తీగ మీద ఆరేసినందుకు మా అబ్బాయికి నుదుటి మీద స్టార్ అంటించింది. వాడు అలాగే ఆఫీసుకు వెళ్తే మేనేజరు లేచి సెల్యూట్ కొట్టాడు.

నేనా? బీపీ మాత్రకొక స్టార్ అంది. వేసుకున్నాను. రెండో స్టార్ మీద ఆశతో రెండో మాత్ర నోట్లో వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"మామయ్యా, మీకంటే మీ మనవరాలే నయం" అంది.

గుండె మీద వేసిన చెయ్యి ఇంతటితో తీసేస్తున్నాను.

అసలు గొప్పతనం ఓదార్పులో ఉంది. ఏడుస్తున్నవాళ్లను ఓదారిస్తే ఏకంగా రెండు స్టార్లు. ఓదార్చేవాళ్లు ఎగబడేసరికి ఏడ్చేవాళ్లు కరువయ్యారు. పిల్లలే కూర్చుని వంతులు వేసుకున్నారు. రోజుకొకరు ఏడవాలి, మిగతావాళ్లు ఓదార్చాలి. మా పిల్ల ఏడుపు ఎంత నాణ్యమైనదంటే పక్క క్లాసువాళ్లు అరువు అడిగారు! అద్దం ముందు ప్రాక్టీసు చేస్తుంటే, నేను పోయాననుకుని వీధి వీధంతా వచ్చింది. పేపరు చదువుకుంటున్న నన్ను చూసి కాస్త నిరాశపడింది.

మొన్న టీచరమ్మ ఆఫీసు గదికి వెళ్లినప్పుడు మా పిల్ల వేలు తలుపు సందులో పడి నలిగింది. ఈసారి నిజంగానే ఏడ్చింది.

"ఇవాళ నీ వంతు కాదుగా?" అంది పక్క బెంచీ పిల్ల.

"నిజంగా నొప్పేస్తోందే."

"అయితే టీచర్ వచ్చేదాకా ఆపుకోవే. ఇప్పుడు ఓదారిస్తే ఎవరు చూస్తారు?"

అంతలో వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి వచ్చింది. స్టార్ ఊసే ఎత్తకుండా ఆ వేలు పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదింది. చూశారా? చూసేవాళ్లు లేకపోయినా మంచితనం నిలబడింది. స్టార్ల మహిమకు ఇంతకంటే రుజువేం కావాలి?

ఇందులో మీరు నమ్మనివన్నీ నిజాలే. మేనేజరు సెల్యూట్ కూడా. ఊదిన ఆ పిల్లను మాత్రం నేను కల్పించాను.

ఎవరూ రాలేదు. టీచరమ్మ తిరిగొచ్చేసరికి మా పిల్ల నలిగిన వేలు ఒళ్లో దాచుకుని, పళ్లు బిగబట్టి కూర్చుని ఉంది. చప్పుడు చెయ్యకుండా కూర్చున్నందుకు దానికి స్టార్ ఇచ్చారు.