పారిపోయినోళ్ళ గదికి జై

లోకంలో న్యాయం చచ్చిపోయిందని గోడల మీద రాసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ రాతలు నేనే చెరిపేస్తాను, సున్నం డబ్బా ఇప్పించండి. న్యాయం బతికే ఉంది. ఫోన్ ఆటల్లో ఉంది!

నవ్వకండి. కోర్టులో కేసు వేస్తే మీ పిల్లల పెళ్ళిళ్ళు అయిపోతాయి, మనవలు వాయిదాలకి తిరుగుతారు. అదే ఆన్‌లైన్ ఆటలో? తప్పు చేసిన వేలు ఇంకా స్క్రీన్ మీద ఉండగానే తీర్పు వచ్చేస్తుంది. ప్లీడరు లేడు, గుమాస్తా లేడు, సాక్షి లేడు. నిందితుణ్ణి అడిగేదీ లేదు. అడిగితే కదా వాడు అబద్ధం చెప్పేది? అసలు అడగడమే మానేస్తే అబద్ధాలే ఉండవు. ఇంత చిన్న కిటుకు ఇన్నాళ్ళూ ఏ జడ్జిగారికీ తట్టలేదంటే ఏమనాలి?

మాటల మీద దీని నిఘా చూస్తే ముచ్చటేస్తుంది. మా వీధి చివర టైలరు, జట్టులోవాడు బాగా ఆడాడన్న సంబరంలో ‘చంపేశావ్ బాబాయ్’ అని రాశాడు. ప్రాణహాని బెదిరింపు కింద వారం పాటు నోరు కట్టేసింది ఆట. అంతకు ముందే ఆ టైలరు తుపాకీ పట్టుకుని ఎదుటి జట్టు మొత్తాన్ని కాల్చేశాడు. దానికి మాత్రం బహుమతిగా కొత్త బూట్లు ఇచ్చింది. చంపొచ్చు, ఆ మాట అనకూడదు. సంస్కారమంటే అదీ.

ఇంకొకాయన ఎదుటివాడి ఏడు తరాలనీ చక్కటి వాక్యాల్లో, కామాలూ ఫుల్‌స్టాపులూ పెట్టి మరీ తిట్టాడు. అన్నీ పాతకాలపు మాటలు, యంత్రానికి ఒక్కటీ తెలియదు. మర్యాదస్తుడని పతకం ఇచ్చింది. తిట్టేది కూడా కాస్త చదువుకుని తిట్టమని దాని ఉద్దేశం. విద్యకి ఇంతకన్నా ప్రోత్సాహం ఏ ప్రభుత్వం ఇచ్చింది?

అయితే ఇవన్నీ చిల్లర నేరాలు. మహాపాపం ఇంకొకటుంది. ఆట మధ్యలో లేచి వెళ్ళిపోవడం.

నలుగురు కలిసి ఒక కోటని కాస్తుంటారు. ఎదురుగా ఇంకో నలుగురు. ఒకడు మధ్యలో ఫోను పక్కన పడేసి పోయాడా, మిగిలిన ముగ్గురూ బూడిదే. అందుకని పోయినవాడికి ఒక మచ్చ వేస్తారు. ఎన్నడూ లేవనివాడికి కిరీటం పెడతారు. చాలా న్యాయంగా ఉంది కదూ?

ఆ కిరీటాలు ఊరికే రాలేదండి. ఒక మహానుభావుడు, మేడ మీద ట్యాంకు పొంగి, నీళ్ళు మెట్ల మీదుగా దిగి, కింద వాటావాళ్ళ చెప్పులు వీధిలోకి ఈదుకుంటూ పోతున్నా లేవలేదు. ఇత్తడి కిరీటం. ఇంకొకాయన లోపల గడియ పెట్టుకుని ఆడుతుంటే పెళ్ళాం తలుపు బాది బాది పుట్టింటికి పోయి, అక్కడ కోపం చల్లారి తిరిగొచ్చి, మళ్ళీ బాదింది. వెండి. ఇక బంగారు కిరీటం ఉన్నాయన సంగతి ముందు ముందు వస్తుంది. ఆయనతో మనకి పనుంది.

మచ్చ పడ్డవాళ్ళ సంగతి చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. మా అక్క మొగుడు. లిఫ్ట్ మెకానిక్. ఆటలో ఆయన పేరు ‘స్పానర్’.

మా బావకి ఆట మీద మోజు లేదు, కూతురి మీద ఉంది. ఆ పిల్ల దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మామూలుగా ఫోన్ చేస్తే ఆ తండ్రీకూతుళ్ళ సంభాషణ ఇలా ఉంటుంది. తిన్నావా? ఆఁ. చదువుతున్నావా? ఆఁ. సరే మరి. ఆఁ. అంతే, పెట్టేస్తుంది. అదే ఆటలో మైకు తగిలించుకుందంటే ఇక చూడండి.

“నాన్నా ఎడమ పక్క చూడు, వస్తున్నాడు. అన్నట్టు నా రూంమేట్ నాతో మాట్లాడ్డం మానేసింది. కాల్చు, కాల్చు. నేనేం అనలేదు నాన్నా, దాని చున్నీ వేసుకెళ్ళా అంతే. వెనకాల, వెనకాల. నాకు ఫిజిక్స్ అస్సలు ఎక్కట్లేదు నాన్నా, అమ్మకి చెప్పకు.”

ఆ పిల్ల మనసులో మాటలన్నీ శత్రువుల మీద కాల్పులు జరిపేటప్పుడే బయటికొస్తాయి. అందుకే మా బావ సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, బుద్ధిగా యుద్ధానికి కూర్చునేవాడు.

ఆయన డ్యూటీ ఆరింటికి అయిపోతుంది. ఆ ముక్క ఆయనకి తెలుసు, మా అక్కకి తెలుసు, కంపెనీ ఇచ్చిన కాగితానికి తెలుసు. మేనేజరు ఫోనుకి మాత్రం తెలియదు. మునుపు సాయంత్రాలకి ఇంకో మెకానిక్ ఉండేవాడు. దండగని తీసేశారు. ఇప్పుడు ఊళ్ళో ఏ లిఫ్ట్ ఎక్కడ ఆగినా మా బావే. కోట మీద శత్రువులు ఎక్కుతూ ఉంటారు, మేనేజరు ఫోన్ మోగుతుంది.

“డ్యూటీ అయిపోయింది సార్.”

“లోపల మనిషి ఉన్నాడయ్యా.”

ఆ ఒక్క ముక్క చాలు, మా బావ చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తాడు. కోట కూలుతుంది. మచ్చ పడుతుంది. అలా మచ్చ మీద మచ్చ పడి, ఒకరోజు ఆట ఆయన్ని ‘క్రమశిక్షణ గది’లోకి నెట్టేసింది. ఆడేవాళ్ళు దాన్ని పారిపోయినోళ్ళ గది అంటారు. అక్కడున్నవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఆడుకోవాల్సిందే. బయటివాళ్ళు లోపలికి రాలేరు. అంటే కూతురు రాలేదు.

ఆ గదిలో ఎలాంటి వెధవలుంటారో అని నేనూ ఆయన పక్కన కూర్చుని చూశాను. అడుగు పెట్టగానే ఒక గొంతు అడిగింది, “ఎవరు పిలిచారన్నా?”

మా బావకి అర్థం కాలేదు. “ఎవరు పిలవడం ఏంటి?”

“మధ్యలో లేచిపోతేనే కదా ఇక్కడికొస్తాం. ఎవరు పిలిస్తే లేచావు?”

“లిఫ్ట్.”

“నాకు అంబులెన్స్. కూర్చో, కూర్చో.”

అంబులెన్స్ డ్రైవరు చెప్పాక ఒక తల్లి పలికింది. ఆమెని పిలిచేవాడు ఉయ్యాల్లో ఉన్నాడు. తర్వాత ఒక నర్సు. ఆ తర్వాత కరెంటు లైన్‌మన్. ఆ గదిలో ఆట ఎలా సాగుతుందంటే, ఎనిమిది మందితో మొదలవుతుంది, సైరనో ఏడుపో ఫోనో మోగిన కొద్దీ ఒక్కొక్కళ్ళూ జారుకుంటారు. “వెళ్ళమ్మా, నీ కోట నేను కాస్తా” అని ఎదుటి జట్టువాడే అంటాడు. చివరికి ఎవరికి పిలుపు రాలేదో వాళ్ళు గెలుస్తారు. ఒక్క బూతు వినపడదు. ఇంతమంది మంచివాళ్ళని ఇంత శ్రమపడి ఏరి ఒకచోట చేర్చింది ఎవరు? ఆ యంత్రమే. మనం ఎన్ని సభలు పెట్టినా ఇంతమంది వస్తారా?

కానీ మా బావకి ఆ గది వద్దు. కూతురు కావాలి. బయటపడాలంటే వరసగా కొన్ని ఆటలు లేవకుండా ఆడాలి. ఆఖరిది పరీక్ష. అది మాత్రం బంగారు కిరీటం ఉన్న కెప్టెన్ జట్టులో, ఆయన కళ్ళెదుట ఆడాలి. అందులో లేస్తే ఇక ఏడాది దాకా ఆ గదే గతి.

అన్నీ గట్టెక్కాడు. ఆఖరి పరీక్ష రోజు మా అక్క టీవీ కట్టేసింది, కుక్కర్ పెట్టలేదు, నన్ను దగ్గొద్దంది. కూతురు హాస్టల్లో మైకు తగిలించుకుని కాచుక్కూర్చుంది, తండ్రి బయటికి రాగానే పిలవడానికి. పరీక్షకి మాత్రం ఆట దగ్గర్లో ఉన్నవాళ్ళనే జత చేస్తుంది కాబట్టి కెప్టెన్ కూడా మా ఊరివాడే అయుండాలి. గొంతులో ఏం దర్జా!

“ఏయ్ స్పానర్, గేటు దగ్గర నిలబడు. కదిలావంటే ఊరుకోను.”

“కదలను కెప్టెన్.”

కోట నిలబడింది. శత్రువులు ఇద్దరే మిగిలారు. ఇంకాసేపట్లో గెలుపు. ఫోన్ మోగింది.

మా అక్క ఆ ఫోన్ వైపు చూసిన చూపుకి అది కాలిపోవాల్సింది. కాలలేదు.

“పెద్ద మార్కెట్ వెనక అద్దాల లిఫ్ట్ ఆగిపోయింది” అన్నాడు మేనేజరు.

“ఇవాళొక్క రోజు ఇంకెవరినైనా పంపండి సార్.”

“ఇంకెవరున్నారు? లోపల మనిషి ఉన్నాడయ్యా.”

మా బావ ఆ కోటని చూశాడు, మా అక్కని చూశాడు. “మరదలా, పిల్లకి నువ్వే చెప్పు” అని స్పానరు పట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతది ఆయన నోటి నుంచి విన్నది. పైన మోటారు గదిలోకెక్కి, కరెంటు ఆపి, బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని అంతస్తు దాకా తెచ్చాడు. కిందకొచ్చి తలుపు తీశాడు. లోపల ఆఫీసు బ్యాగు వేలాడేసుకుని ఒక పెద్దమనిషి, తలెత్తకుండా ఫోన్‌లో టకటకా కొడుతున్నాడు.

“బయటికి రండి సార్.”

“ఒక్క నిమిషం ఆగవయ్యా. ఒక వెధవని రిపోర్టు చేస్తున్నా.”

ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది మా బావకి. “ఎవరిని సార్?”

“స్పానర్ అట. గేటు దగ్గర ఉండరా అంటే గెలిచే టైముకి పారిపోయాడు. బాధ్యత లేని జనం.” ఆ మాట అంటూనే బటన్ నొక్కాడు. నొక్కి, తలెత్తి, ఎదురుగా ఉన్న మనిషినీ, చేతిలో ఉన్న పనిముట్టునీ చూశాడు.

“గేటు దగ్గరే ఉన్నా కెప్టెన్” అన్నాడు మా బావ.

లిఫ్ట్ ఆగిపోయినా ఆట ఆపలేదు చూశారా, అందుకే ఆయనకి బంగారు కిరీటం. అయితే మనిషి చెడ్డవాడు కాదు. అక్కడే మెట్ల మీద కూర్చుని రిపోర్టు వెనక్కి తీసుకునే బటన్ కోసం వెతికాడు. లేదు. నొక్కడానికే ఉంది. పోనీ అని అప్పీలు రాశాడు. ‘ఇతను వెళ్ళింది నా కోసమే. లిఫ్టులో ఇరుక్కున్నది నేనే’ అని.

పంపిన చెయ్యి తియ్యకముందే జవాబొచ్చింది. ‘మీ విజ్ఞప్తిని జాగ్రత్తగా పరిశీలించాం. మొదట అతను నేరస్థుడన్నారు, ఇప్పుడు కాదంటున్నారు. రెంటిలో ఒకటి అబద్ధం. అబద్ధపు రిపోర్టు నేరం కనుక మీ కిరీటం రద్దు, మీరూ క్రమశిక్షణ గదికే.’ కెప్టెన్ వచ్చి మా బావ పక్కన, అదే గదిలో పడ్డాడు.

“ఎవరు పిలిచారన్నా?” అనడిగాడు అంబులెన్స్ డ్రైవరు, అలవాటు ప్రకారం.

“నన్నెవరూ పిలవలేదు” అన్నాడు కెప్టెన్. “పిలిచింది నేనే.”

ఇటు హాస్టల్ పిల్లకి ఆ కబురు చెప్పాల్సిన పని నా నెత్తిన పడింది. “మీ నాన్న లేచిపోయాడే” అన్నాను. “లోపల మనిషున్నాడా పిన్నీ?” అంది. ఉన్నాడన్నాను. “సరే” అని పెట్టేసింది. ‘ఆఁ’ కూడా అనలేదు. నాకు భయమేసింది.

రెండ్రోజులయ్యాక సాయంత్రం పారిపోయినోళ్ళ గదిలోకి ఒక కొత్త గొంతు వచ్చింది. చిన్న పిల్ల గొంతు.

“ఎవరు పిలిచారు తల్లీ?” అన్నాడు డ్రైవరు.

“ఎవరూ పిలవలేదు అంకుల్. నేనే కావాలని ఆటలు వదిలేసి, మచ్చలు వేయించుకుని వచ్చా. మా నాన్న ఇక్కడున్నాడు.”

రెండు జట్లవాళ్ళూ కాల్చడం మానేసి నిలబడ్డారు. ఆడకుండా నిలబడ్డారని ఆట అందరికీ ఇంకో మచ్చ వేసింది. బావ ఆ ఫోన్‌ని చెవికి ఆనించుకున్నాడు, అందులోంచి ఆ పిల్ల బయటికొచ్చేస్తుందేమో అన్నట్టు.

“నాన్నా, ఎడమ పక్క చూడు” అంది. “రూంమేట్ మాట్లాడింది నాన్నా. చున్నీ తిరిగిచ్చేశా. ఫిజిక్స్ మాత్రం...”

మా బావ ఫోన్ మోగింది. మేనేజరే.

“వెళ్ళు నాన్నా, నేను కాస్తా” అంది పిల్ల. “మేమంతా ఉన్నాంగా, పో” అన్నాడు కెప్టెన్. మా అక్క మాత్రం స్పానరు అందిస్తూ నాతో అంది, “ఆట మధ్యలో లేస్తే మచ్చంట. అన్నం మధ్యలో లేస్తే మాత్రం ఎవడికీ పట్టదు. రాసుకో, పేపర్లో నీ కాలమ్‌లో పెట్టు.”

పెట్టానక్కా.

కాబట్టి ఆటల కంపెనీవారికి నా విన్నపం. మీ న్యాయంలో ఒక్క అక్షరం మార్చకండి. ‘ఎందుకు వెళ్ళావు’ అని పొరపాటున కూడా అడక్కండి. అడిగితే వీళ్ళంతా విడుదలైపోయి, కిరీటాల వాళ్ళ మధ్య ఒంటరిగా బతకాల్సొస్తుంది. ఆ పాపం మీకొద్దు.

ఒక్క చిన్న కోరిక మాత్రం ఉంది. లేచినవాణ్ణి రెప్పపాటులో పట్టుకునే యంత్రం కనిపెట్టారు కదా, దాన్ని కాస్త మాకు అరువివ్వండి. ఆరు దాటాక మనిషిని లేపేవాడికి కూడా ఒక రిపోర్టు బటన్ ఉండాలి. ఎర్రగా, పెద్దగా ఉంటే మంచిది. ఎక్కడ పెట్టాలో కూడా నేనే చెబుతా. లిఫ్ట్ కంపెనీ ఆఫీసులో, మేనేజరు కుర్చీ వెనక, ఆయన ఫొటో కింద.

నొక్కడానికి మనుషుల్ని మీరు వెతకక్కర్లేదు. ఒక గదినిండా ఉన్నారు.